పాత ఇంటి వాసాలతో వర్క్‌బెంచ్: చెడిపోయాక మళ్లీ కట్టిన ఒక కేస్

బెంగళూరులో పాత కలపతో ఫర్నిచర్ చేయడం, చెడిపోయినవి బాగుచేయడం నా పని. కూల్చిన ఇంటి కలపతో పనిబల్ల కట్టుకుంటామని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లకు పనికొస్తుందని ఈ కేసును వివరంగా రాస్తున్నాను. యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన ఎవరో తెలిసే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఆయనది అనంతపురం వైపు. వయసు అరవై దాటింది. నగరంలో ఒక ఫ్యాక్టరీ మెషీన్ షాపులో చేసి రిటైరయ్యారు. చేతి పనిముట్లతో వడ్రంగం నేర్చుకోవాలని చాలా రోజులుగా కోరిక. మేడ మీద ఒక గది, కావలసినంత తీరిక ఉన్నాయి, బల్ల ఒక్కటే లేదు. అప్పుడే బంధువుల పాత పెంకుటిల్లు కూల్చేశారు. 1898 ప్లేగు తర్వాత వేసిన మల్లేశ్వరం, బసవనగుడి లాంటి పేటల్లో అలాంటి ఇళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. పైన మంగళూరు పెంకు, దాని కింద వాసాలు, దూలాలు, బరువైన ద్వారబంధాలు. కూల్చే కాంట్రాక్టర్ కలపంతా యార్డుకు అమ్మేస్తుంటే, ఈయన వెళ్లి ఒక లారీకి సరిపడా కొని తెచ్చుకున్నారు.

కలప వచ్చింది జూన్‌లో. వానలకు తడవకుండా మేడ మీద నేరుగా గచ్చుపైనే పేర్చి, చుట్టూ టార్పాలిన్ బిగించి కట్టారు. నవంబర్‌లో ఒక మేస్త్రిని పిలిచి బల్ల కట్టించారు. చెక్క ఆరిందా అని ఆ మేస్త్రిని అడిగితే, "డెబ్బై ఏళ్ల చెక్క సార్, ఇంకా ఆరేదేముంది?" అన్నాడట. ఆ మాట ఎవరన్నా నమ్ముతారు. కానీ చెక్కలో ఉండే తేమకూ చెక్క వయసుకూ సంబంధం లేదు, చుట్టూ ఉన్న గాలితోనే దాని లెక్క. గాలిలో తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ సుమారు 9 శాతం దగ్గర నిలుస్తుంది. గాలిలో 80 శాతం ఉంటే చెక్కలో 16 దాకా వెళ్తుంది. టార్పాలిన్ కింద, గచ్చు మీద, వానాకాలమంతా ఉన్న కలప ఎంత పాతదైనా తడి కలపే.

సమస్య

నన్ను పిలిచింది మరుసటి ఆగస్టులో. "చిత్రిక పడుతుంటే బల్ల నడుస్తా ఉందప్పా" అన్నారు ఫోన్లో. వెళ్లి, ఒక పలక పెట్టి చిత్రిక పట్టి చూపించమన్నాను. నాలుగైదు తోపులకే బల్ల గోడవైపు జానెడు జరిగింది. పైన స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో రూపాయి బిళ్ల దూరేంత సందు. పలకల అతుకుల్లో కొన్ని విచ్చుకున్నాయి, కొన్ని ఒకదాన్నొకటి నొక్కుకుని అంచులు పైకి లేచాయి.

కింద కూర్చుని చూస్తే ఇంకో సంగతి బయటపడింది. వెనక కాలు మొదట్లో నేలమీద పిడికెడు పిండి కుప్ప. రంపపు పొట్టులా గరుకుగా లేదు. వేళ్ల మధ్య రాస్తే టాల్కం పౌడర్‌లా మెత్తగా జారింది. కాలి ఒక అంచున గుండుసూది తలకన్నా చిన్న గుండ్రటి రంధ్రాలు. పుచ్చు పురుగు చెక్క లోపల తిని బయటకొచ్చిన దారులు అవి.

అంటే ఒకే బల్లలో మూడు వేర్వేరు జబ్బులు. కాళ్ల చట్రం వదులు, పైపలక వంకర, లోపల పురుగు. దేనికి మందు దానిదే. కానీ మూడింటి మూలం ఒకటే అని నాకు అప్పుడే అనిపించింది. 7 అడుగుల పొడవు, 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు అని ముందే గీసుకుని, ఆ కొలతకు సరిపోయే చెక్క కుప్పలో ఏది దొరికితే అది వాడారు. పైపలకలో టేకు, జంగిల్ వుడ్ (టేకు కాని మామూలు అడవి కలప) పక్కపక్కనే ఉన్నాయి.

ఊడదీయకుండా చేసిన ప్రయత్నాలు

నేను రాకముందు ఆయన రెండు పనులు చేశారు. ఫిబ్రవరి, మార్చి ఎండలకు అతుకులు విచ్చుకుంటే పొట్టు, ఫెవికాల్ కలిపి సందుల్లో కూరారు. జూలైలో చెక్క మళ్లీ ఉబ్బింది. ఉబ్బడానికి చోటు లేక పలకలు ఒకదాన్నొకటి తోసుకుని లేచాయి. ఎండాకాలపు సందు చెక్కకు ఊపిరి తీసుకునే జాగా. దాన్ని పూడిస్తే వానాకాలంలో ఆ ఒత్తిడి ఇంకెక్కడో బయటపడుతుంది. రెండోది, పురుగుకు కిరోసిన్ పూశారు. పైకి తగిలినవి చచ్చి ఉంటాయి. లోపలి పిల్లపురుగుల దాకా కిరోసిన్ చేరదు. పైగా కాళ్లకు వార్నిష్ ఉంది, ఏ మందూ లోపలికి ఇంకదు.

"ఊడదీయకుండా కాదా?" అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. డబ్బు, శ్రమ పెట్టి కట్టించింది కదా. కాళ్ల సంగతి ముందు చూద్దామన్నాను, ఎందుకంటే అది వెనక్కి తీసేయగలిగే పని. వెనకవైపు, పక్కల ఏటవాలు బద్దలు బోల్టులతో బిగించి, కింది అరలో ఇసుక మూటలు పెట్టాం. బల్ల నడవడం దాదాపు ఆగింది. ఆ ఒక్క జబ్బుకు కారణం బరువు తక్కువ, బిగింపు తక్కువ అని అలా రుజువైంది.

పైపలకను చదును చేయడం మాత్రం మధ్యలోనే ఆపేశాం. చిత్రిక పట్టిన కాసేపటికే బ్లేడు టిక్కుమంది. మేస్త్రి పైనుంచి కొట్టిన కొత్త మేకులు కొన్ని, వాసంలో ముందునుంచీ విరిగి ఉండిపోయిన పాత మేకులు కొన్ని. వాటిని తీసి కొనసాగించవచ్చు. కానీ పలకలన్నీ అడ్డపట్టీలకు గట్టిగా మేకులతో బిగించి ఉన్నాయి. వెడల్పులో ఉబ్బడం, కుంచించుకోవడం చెక్క స్వభావం, మేకు దాన్ని కదలనివ్వదు. ఈ రోజు చదును చేసినా వచ్చే ఎండలకు మళ్లీ పగులుతుంది. అదే ఆయనకు చెప్పాను. మెషీన్ షాపులో పనిచేసిన మనిషి, ఉష్ణోగ్రతకు లోహం వ్యాకోచించడం తెలిసిన మనిషి, వెంటనే అర్థం చేసుకున్నారు. జనవరిలో ఊడదీశాం. ఎండాకాలం మొదలవుతుంటే కలప ఆరబెట్టడానికి అదే మంచి అదను.

కలపను వేరు చేయడం

ఈ పనికి మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాం, పెట్టాలి కూడా. కొత్త బల్ల బొమ్మ గీయనివ్వలేదు ఆయన్ని. ముందు మన దగ్గర ఏముందో తేలాలి, తర్వాతే గీత.

మొదట మేకులు. బలమైన చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి, చెక్క పక్కన వేలాడదీసి మెల్లగా జరుపుతూ పోతే, లోపల మేకు ఉన్నచోట దారం ఆవైపు వాలుతుంది. లోతుగా ఉన్నవాటికి చేతి మెటల్ డిటెక్టర్ వాడాం. టేకులో ఇనుము చుట్టూ నల్లటి మరక ఉంటుంది, అది కూడా ఆనవాలే. పాత మేకును తలపట్టి లాగితే తల ఊడి వస్తుంది. మొన ఉన్నవైపు నుంచి పంచ్‌తో కొట్టి, తల కాస్త పైకి లేచాక కటింగ్‌ప్లేయర్ కింద చెక్క ముక్క పెట్టి లాగాలి. ఆయన ఈ పని ఎంత ఓపికగా చేశారంటే, నేను రెండో రౌండు తనిఖీ చేస్తే దొరికినవి బహు తక్కువ.

తర్వాత జాతి, చేవ (చెక్క నడిమి గట్టి భాగం). ఒక్కో ముక్క చివర కాస్త కోసి, పదునైన ఉలితో అడ్డుకోత ముఖాన్ని చెక్కి చూశాం. టేకు తాజా కోతకు తోలు లాంటి ప్రత్యేకమైన వాసన వస్తుంది, ముట్టుకుంటే జిడ్డుగా ఉంటుంది. బరువైన ద్వారబంధం ముక్కలు రెండింటి విషయంలో మాత్రం మద్దా, వేగిసా అని నాకూ సందేహం వచ్చింది. మల్లేశ్వరంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో కలప జాతిని గుర్తించి చెప్తారు, అక్కడ అడగవచ్చని ఆయనకు చెప్పాను. కాళ్లకు వాడేదానికి అంత అవసరం లేదని మానేశాం. బరువుగా, గట్టిగా ఉంది, మొనదేలిన ఆరితో పొడిస్తే దిగడం లేదు. కాళ్లకు అది చాలు.

పుచ్చు విషయంలో నా పద్ధతి కఠినం. ఈ పురుగుకు కావలసింది పిండిపదార్థం, అది ఉండేది చెక్క వెలుపలి తెల్లభాగంలో. టేకు చేవ దానికి పెద్దగా రుచించదు. కాబట్టి మందు వేసి తెల్లచెక్కను కాపాడుకోవడం కన్నా దాన్ని కోసి పారేయడమే మేలు. రంధ్రాలున్న అంచులన్నీ కోసేశాం, జంగిల్ వుడ్ మొత్తం పక్కన పెట్టేశాం. కాళ్ల కలపకు మాత్రం, వార్నిష్ లేని పొడి చెక్కగా ఉన్నప్పుడే, బోరాక్స్ మూడు పాళ్లు, బోరిక్ యాసిడ్ రెండు పాళ్లు గోరువెచ్చటి నీళ్లలో కలిపి రెండు మూడు దఫాలు తడిపాం. ఈ మందు వానకు కొట్టుకుపోతుంది, గదిలో ఉండే బల్లకు ఆ బాధ లేదు.

వాసాల చివర్లు గోడలో కూర్చునే చోట చెమ్మ తగిలి మెత్తబడి ఉన్నాయి. పైనుంచి చూస్తే బాగానే కనిపిస్తాయి. ఆరితో పొడిస్తే వెన్నలో దిగినట్టు దిగింది. ప్రతి వాసానికీ రెండు చివర్లూ, గట్టి చెక్క తగిలేదాకా కోశాం.

ఒక విషయంలో ఆయనకూ నాకూ కొంత వాదన జరిగింది. పాత తలుపు పలకలు కొన్ని ఉన్నాయి, పొరలు పొరలుగా ఆకుపచ్చ, నీలం పెయింటుతో. చూడ్డానికి అందంగా ఉన్నాయి, కింది అరకు వేద్దామన్నారు. ఇంట్లో వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎమ్ (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో, అమలైంది 2017 నవంబర్ 1 నుంచి. అంతకు ముందరి పెయింటులో సీసం ఉందనే అనుకుని నడుచుకోవాలి. దాన్ని పొడిగా శాండింగ్ చేస్తే దుమ్ము గదంతా పరుచుకుంటుంది. మనవలు ఆ గదిలోకి వస్తారు, నేల మీద ఆడతారు. పరీక్ష చేయించకుండా ఆ పలకలు గదిలోకి రాకూడదని గట్టిగా చెప్పాను. ఆయన భార్య నా వైపు మాట్లాడారు. "ఆయన మాట వినండి, తలుపులు ఎక్కడికీ పోవు" అన్నారు. పలకలు వేరుగా పెట్టేశాం.

మిగిలింది తెచ్చినదాంట్లో సగం. ఆయన మొహం చిన్నబోయింది. పాత కలప కొనేవాళ్లకు నేను ముందే చెప్పే మాట ఇది. యార్డులో ఘనపుటడుగుల లెక్కన కొంటారు. వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో గుణించి 144తో భాగిస్తే వచ్చేది ఆ లెక్క. కానీ అందులో మేకుల చోటు, పుచ్చు, చెమ్మ తిన్న చివర్లు అన్నీ కలిసే ఉంటాయి. ధర అడిగేటప్పుడు పనికొచ్చే చెక్క ఎంతో చూసుకుని బేరమాడాలి.

తేమ

మేలైన ముక్కల పైభాగంలో తేమ కొలిచే మీటరు సూదులు గుచ్చితే 11 శాతం చూపింది. అదే ముక్కను మధ్యకు కోసి వెంటనే కోత లోపల గుచ్చితే 17. మీటరు అన్ని జాతుల చెక్కకూ కచ్చితమైన అంకె చెప్పదు, కానీ లోపలికీ బయటికీ ఉన్న తేడా అబద్ధం కాదు. బల్ల ఉండబోయే గదిలోనే, వరసకూ వరసకూ మధ్య సన్నటి బద్దలు అడ్డంగా వేసి పేర్చి, కిటికీలు తెరిచి ఉంచాం. ఆయన ఒక ముక్కను గుర్తుపెట్టుకుని వారానికోసారి వంటింటి తూకం మీద తూచేవారు. బరువు తగ్గడం ఆగాక మొదలుపెడదామన్నాను. నెల దాటింది. తొందర పెట్టలేదు ఆయన, అది ఈ కేసులో నాకు దొరికిన పెద్ద సాయం.

కొలతలు

రంపం మిల్లు వాళ్లు చాలామంది పాత కలప కోయడానికి ఒప్పుకోరు. ఒక్క మేకు తగిలితే బ్యాండ్‌సా బ్లేడు పోతుంది, తెగితే ప్రమాదం కూడా. కాబట్టి వాసాలను పలకలుగా కోయించే ఆలోచనే వదిలేశాం. వాసం వాసంగానే ఉండాలి. నిలువుగా పక్కపక్కన నిలబెట్టి అతికిస్తే మందమైన పైపలక వస్తుంది, కోత తక్కువ, నష్టం తక్కువ.

చివర్లు కోశాక గట్టి ముక్కలు ఐదున్నర అడుగుల దగ్గర ఎక్కువ దొరికాయి. అదే బల్ల పొడవైంది. చిత్రిక పట్టాక ఒక్కో వాసం రెండుముప్పావు అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల లోతు తేలింది. నాలుగేసి వాసాలు కలిపితే 11 అంగుళాలు. అలాంటి భాగాలు రెండు. ఒకే పలకగా ఎందుకు చేయలేదంటే, మేడ మెట్లు ఇరుకు. టేకు ఘనపుటడుగు 18 కేజీల పైచిలుకు ఉంటుంది, ఒక్కో భాగం 27 కేజీల దగ్గర తూగుతుంది. ఇద్దరు సులువుగా మోస్తారు. ఇంకో లాభం, రెండిటి మధ్య వదిలే సందు. ముందు భాగాన్ని ముందంచున, వెనక భాగాన్ని వెనకంచున బిగించి, రెండో అంచుల దగ్గర బోల్టుకు పొడవాటి రంధ్రం ఇస్తే, చెక్క ఎంత ఉబ్బినా ఆ కదలిక మధ్య సందులోకే వెళ్తుంది. ముందంచు కాళ్లతో సమానంగా అలాగే నిలిచి ఉంటుంది. పొడవాటి పలకను నిలువుగా బిగించాలంటే ఆ ముందు ముఖం మొత్తం ఒకే మట్టంలో ఉండాలి. మార్చిలో, చెక్క బాగా ఎండి ఉన్నప్పుడు కడుతున్నాం కాబట్టి ఇకపై ఉబ్బడమే తప్ప ఇంకా తగ్గేది పెద్దగా ఉండదు. అందుకే సందు 20 మిల్లీమీటర్లు వదిలాం.

ఎత్తు 36 నుంచి 32 అంగుళాలకు దించాం. ఆయన నిలబడి చేతులు వదిలేస్తే అరచేయి ఆనే ఎత్తు అది. చిత్రిక పట్టేది భుజాలతో కాదు, ఒంటి బరువుతో. ఎత్తైన బల్ల దగ్గర కాసేపటికే భుజాలు పట్టేస్తాయి.

కట్టడం

టేకులో సహజమైన నూనె ఉంటుంది, అతుకు పట్టనివ్వదు. చిత్రిక పట్టిన గంటలోపే, కొత్త ముఖం మీద ఫెవికాల్ రాసి క్లాంపులు బిగించాం. పాత మేకు రంధ్రాలు, పాత అతుకుల బెజ్జాలు కిందివైపుకు తిప్పాం. పైన కనిపించేవాటికి టేకు ముక్కలే చెక్కి దిగగొట్టాం. పుట్టీ పెట్టిన చోట ఉలి మొన నలుగుతుంది.

ద్వారబంధం కలపతో కాళ్లు. పొట్టి అడ్డకర్రలకు బెజ్జం తీసి అతికించాం. పొడవాటి అడ్డకర్రలు మాత్రం బోల్టులతో, మంచం కోళ్లకు బిగించినట్టు. రేపు ఇల్లు మారినా ఊడదీయవచ్చు. చెక్క ఎండి వదులైతే రెంచితో ఒక తిప్పు తిప్పితే సరి. పలకను బిగించి పట్టే వైస్ ఎడమవైపు పెట్టాం, ఆయనది కుడిచేతి వాటం. అన్నీ కలిపి బల్ల వంద కేజీలు దాటింది. ఇసుక మూటలు తీసేశాం.

చదును చేసే రోజు ఆయన తన అలవాటు ప్రకారం ఎంత టాలరెన్సు కావాలి, అంటే ఎంత తేడా ఉన్నా ఫరవాలేదు, అని అడిగారు. స్కేలు కింద మామూలు కాగితం ముక్క ఎక్కడా దూరకపోతే చాలన్నాను. రెండు చివర్లలో రెండు సమానమైన బద్దలు నిలబెట్టి, ఒక పక్కకు వంగి ఒక కన్నుతో చూస్తే, వాటి పై అంచులు ఒకే గీతగా కలవాలి. కలవకపోతే బల్ల మెలి తిరిగిందన్నమాట. మొదట కుడి వెనక మూల ఎత్తుగా కనిపించింది. అక్కడ అడ్డంగా చిత్రిక పడుతూ, మళ్లీ వంగి చూస్తూ, ఆ మూల దిగేదాకా ఆయనే చేశారు. పైన వార్నిష్ వేయలేదు, పలకలు జారతాయి. అవిసె నూనె పలచగా పట్టించాం. ఆ నూనె గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకూడదు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరేసి, తర్వాత పారేయాలి.

ఫలితం

బల్ల ఒక వానాకాలం చూసింది. ఆయన నెలనెలా మధ్య సందును వెర్నియర్‌తో కొలిచి క్యాలెండర్ మీద రాసుకుంటున్నారు. మార్చిలో 20 ఉన్నది సెప్టెంబర్‌కు 17కు వచ్చింది. ముందంచు కదల్లేదు. పిండి ఎక్కడా రాలలేదు. పురుగు లోపల ఏడాది పైన కూడా ఉండగలదు, కాబట్టి వచ్చే రెండేళ్లు వేసవిలో కాళ్ల మొదట్లో నల్ల కాగితం పరిచి చూడమన్నాను, నల్లటి దాని మీద పిండి ఇట్టే కనిపిస్తుంది.

మొదటి బల్ల కట్టిన మేస్త్రి పనితనాన్ని నేను తక్కువ చేయను. అతని రంపపు కోతలు చక్కగా ఉన్నాయి. ఇచ్చిన కొలతకు, ఇచ్చిన గడువుకు కట్టాడు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇప్పుడు బల్ల బొమ్మ తీసుకురావద్దని, కలప తీసుకురమ్మని చెప్తున్నాను. చేవ ఎంత, గట్టి పొడవు ఎంత, లోపల తేమ ఎంత అని తేలాక కొలతలు గీస్తే, 7 అడుగులు కావాలనుకున్నవాళ్లకు ఐదున్నర సరిపోతుందని కూడా అప్పుడే తెలుస్తుంది. ఆయనకు సరిపోయింది.

ఒక లోపం మిగిలింది. వెనక భాగంలో రెండు వాసాల మధ్య అతుకు, ఎడమ చివరన, జానెడు పొడవున వెంట్రుకంత విచ్చుకుంది. ఆ రెంటిలో ఒకటి మరీ జిడ్డుగా ఉన్న టేకు, అతికించే ముందు అసిటోన్‌తో ఒకసారి తుడిచి ఉంటే పట్టేదేమో. పనికి అడ్డు లేదు, పైగా అది వెనకవైపు. ఇప్పుడు జిగురు కూరవద్దని చెప్పాను. ఫిబ్రవరిలో చెక్క ఎండి సందు పూర్తిగా తెరుచుకున్నాక, ఆ రెండు వాసాలకూ అడ్డంగా కిందినుంచి సీతాకోకచిలుక ఆకారంలో ఒక టేకు ముక్క దిగగొట్టి బిగించాలని అనుకున్నాం. ఆ ముక్కకు సరిపడా చేవ ఉన్న చెక్క, కోసి పక్కన పెట్టిన వాసపు చివర్లలో ఒకటి, ఆయన ఇప్పటికే వెతికి ఉంచారు.